గొంతు ఆగిన చోటు

పోయినవారం పత్రిక చేతికందని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. చదివినవాళ్లు ఈలోపు కళ్లజోడు తుడుచుకోవచ్చు.

డ్రైవింగు మాస్టారి మొదటి భార్య చూపులేనివాళ్ల లైబ్రరీ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసేది. చివరిగా పట్టుకున్నది ఒక పడవవాడి కథ. అది సగంలో ఉండగానే ఆమె పోయింది. ఆమె గొంతులో ఉన్న ఆ సగం పుస్తకం ఆమె లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అసంపూర్తి పుస్తకాన్ని లైబ్రరీవాళ్లు తీసుకోరు కాబట్టి, మిగతా సగాన్ని కూతురు అమ్మడు అదే లాప్‌టాప్ ముందు కూర్చుని తన గొంతుతో పూర్తి చేస్తోంది. మాస్టారు ఈమధ్యనే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినావిడ బట్టలు కుడుతుంది. వీధి వీధంతా ఆమెని టైలరమ్మ అంటుంది. అమ్మడు మాత్రం ఏ వరసా పెట్టి పిలవదు. ‘మీరు’ అంటుంది, అక్కడితో సరి. ఆ రెండక్షరాలతో ఎంత దూరం కొలవచ్చో మన భాష వాళ్లకి చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్లుగా లాప్‌టాప్ తెరుచుకోవడానికి మొరాయిస్తోంది. ఆ రోజు అమ్మడు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేసరికి అది టైలరమ్మ కటింగు బల్ల మీద బోర్లా పడి ఉంది. అడుగు మూత ఊడదీసి ఉంది. పక్కన కత్తెర, సుద్దముక్క, టేపు. అమ్మ గొంతు దాచిన డిస్కు డ్రైవు ఒక తెల్ల గుడ్డపేలిక మీద విడిగా ఉంది. సరిగ్గా అక్కడ ఆపేశాను. మీలో కొందరు నన్ను తిట్టుకున్నారని విన్నాను. తిట్టుకోండి, అందుకేగా ఆపింది.

“ఏం చేస్తున్నారు మీరు?” అంది అమ్మడు. అరవలేదు. అరిచి ఉంటే టైలరమ్మకి కాస్త నయంగా ఉండేది.

“కొత్తది తెచ్చి వేశానమ్మడూ. కొలత సరిగ్గా సరిపోయింది. కానీ పలకడం లేదు.”

“ఏమిటి పలకనిది?”

“ఇదిగో, ఇది.” టైలరమ్మ లాప్‌టాప్ కడుపులో కూర్చుని ఉన్న సన్నటి పచ్చటి బద్దని వేలితో చూపించింది. “పాతదాన్ని టేపు పెట్టి కొలిచాను. పొడవు ఎనిమిది సెంటీమీటర్లు, వెడల్పు రెండుకి పైన. షాపులో సరిగ్గా అంతే ఉన్నది అడిగి తెచ్చాను. లోపలికి నున్నగా దూరింది, స్క్రూ కూడా పట్టింది. తీరా బటన్ నొక్కితే, అసలు డిస్కే లేదంటోంది తెర.”

అమ్మడు గుడ్డ మీదున్న పాత డ్రైవునీ, లోపల ఉన్న కొత్తదాన్నీ మార్చి మార్చి చూసింది. పాతదాని అంచుకి ఒకే గాటు ఉంది. కొత్తదానికి రెండు.

“రెండు గాట్లున్నాయి చూశారా?”

“చూశాను. ఒకటి ఎక్కువుంటే నష్టమేముందిలే, అదనపు కాజా అనుకున్నాను.”

ఇలాంటి పొరపాటు టైలరు తప్ప మరొకరు చెయ్యలేరు. పుట్టి బుద్ధెరిగాక టేపు ఆమెకి అబద్ధం చెప్పలేదు. భుజం కొలత భుజానికి సరిపోతే చొక్కా పలకకపోవడం అంటూ ఆమె లోకంలో ఉండదు.

“అమ్మ వస్తువు ముట్టుకునే ముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?”

“అడిగితే నువ్వు ఊరుకోమంటావని…”

“ఊరుకోమనే అంటాను! అది నాది. మా అమ్మది. పాడైతే నేను చూసుకుంటాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?”

కత్తెరతో పొట్ట పోసుకునే మనిషిని పట్టుకుని కత్తిపీట అనడం పుండు మీద కారం చల్లడమే. టైలరమ్మ ముఖం పాలిపోయింది. అదే మాస్టారు ఇంట్లో ఉంటేనా, ఈపాటికి ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కేది. నేర్చుకునేవాళ్ల పక్కసీట్లో ఏళ్ల తరబడి కూర్చుని, రెండో బ్రేకు తొక్కీ తొక్కీ, ఇంట్లో ఎవరైనా గొంతు పెంచినా ఆయన కాలు తనంతట తనే కిందకి పోతుంది. కారైతే ఆగుతుంది. ఇల్లు ఆగదు.

టైలరమ్మ పాత డ్రైవుని గుడ్డలో పొట్లంలా చుట్టింది. “తప్పే. నన్ను తర్వాత ఎంతసేపైనా తిట్టు, ఎక్కడికీ పోను. అది మాత్రం పోయేలా ఉందమ్మడూ. ముందు రిపేరక్క దగ్గరికి పోదాం పద.”

లాప్‌టాప్‌ని అమ్మడు పట్టుకుంది, పొట్లం టైలరమ్మ పట్టుకుంది. వీధి మలుపు దాకా ఒకరి వెనక ఒకరు నడిచారు. చూసినవాళ్లు వీళ్లిద్దరికీ ఏ సంబంధమూ లేదనుకునేంత ఎడం ఉంది మధ్యలో.

రిపేరక్క కొట్టు ఒక మెట్ల కింద ఉంది. పొడుగ్గా ఉన్నవాళ్లు తల వంచి వెళ్లాలి, అందుకే తనకి అందరూ దణ్ణం పెట్టి వస్తారని అక్క చెప్పుకుంటుంది. గోడకి వరసగా కేబుళ్లు వేలాడుతుంటాయి. బల్ల మీద ఒక అట్టముక్క, దాని మీద పెన్నుతో లాప్‌టాప్ ఆకారం గీసి ఉంటుంది. ఏ మూల నుంచి తీసిన స్క్రూని బొమ్మలో ఆ మూలే గుచ్చుతుంది అక్క. పొట్టి స్క్రూ ఉండే చోట పొడుగుది బిగిస్తే మదర్‌బోర్డుకి చిల్లు పడుతుందట.

“మేమూ ఇంతే. కత్తిరించిన ముక్కలకి దేనికది గుండుసూది గుచ్చి పెడతాం,” అంది టైలరమ్మ.

“మరి ఈ ముక్క ఎవరు కత్తిరించారు?” అని రిపేరక్క రెండు గాట్ల డ్రైవుని బయటికి లాగి, వెలుగులో తిప్పి చూసి నవ్వింది. “కొలత దివ్యంగా ఉంది. కానీ ఒకే సైజు చొక్కా తొడుక్కున్న ఇద్దరూ ఒకే భాష మాట్లాడాలని ఉందా? ఇది సాటా రకం. మీ మిషన్‌లో ఈ స్లాటుకి ఎన్‌వీఎంఈ భాష తప్ప రాదు. దూరడం దూరుతుంది, ఎందుకంటే రెండు గాట్లున్నది రెండు రకాల స్లాట్లలోనూ దూరేలా చేస్తారు. దూరింది కదా అని మిషను దాన్ని గుర్తుపట్టదు. అంతా కొత్తగా ఇంటికొచ్చిన మనిషి లెక్కే. ఇంట్లో చోటు దొరికినంత మాత్రాన…”

అక్కడ అక్కకి తన ఎదురుగా నిలబడ్డవాళ్లు ఎవరో గుర్తొచ్చింది. నాలుక కరుచుకుంది. టైలరమ్మ కేబుళ్లని చూసింది, అమ్మడు అట్టముక్కని చూసింది.

“సరైనది ఇవ్వండి. అన్నిటికంటే మంచిది,” అంది అమ్మడు.

రిపేరక్క సొరుగులోంచి మూడు తీసి వరసగా పెట్టింది. మూడింటికీ ఒకే గాటు, మూడూ ఎనిమిది సెంటీమీటర్లే. మొదటిదానికి మీద, వేడి పోయేందుకు, అల్యూమినియం రేకుల కోటు ఉంది. “ఇది అన్నిటికంటే కొత్తది, మహా వేగం. మీ మిషన్‌లోనూ పనిచేస్తుంది, కానీ మీ స్లాటు పాత తరానిది కదా, పాత వేగంతోనే నడుస్తుంది. పైగా ఈ కోటుతో మీ మూత పడదు. సందులో రేసు కారు తోలినట్టు, డబ్బులు దండగ.”

“రెండోది?”

“వేడి తక్కువ, చోటు ఎక్కువ. చిప్పులు రెండు వైపులా ఉంటాయి.”

టైలరమ్మ ఆపుకోలేకపోయింది. లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుని, స్లాటు కింద గోరు పెట్టి చూసింది. “రెండు వైపులా అంటే కింద కూడా ఉబ్బుగా ఉంటుందిగా? ఇక్కడ కింద చోటు లేదు. లైనింగు వేస్తే కుట్టు పిగులుతుంది.”

“అదీ!” అంది రిపేరక్క సంబరంగా. “అది చెప్పబోతున్నా. అందుకే ఈ మూడోది. ఒక గాటు, ఒక వైపే చిప్పులు, కోటు లేదు, మీ పాతదాని కంటే రెట్టింపు చోటు. పాతదానిలో ఉన్నదంతా దింపినా ఇంకా బోలెడు మిగులుతుంది. ఇదే మీకు సరైన జోడీ.”

అమ్మడు తలూపింది. పక్కకి తిరక్కుండానే “గోరు పెట్టి చూడాలని నాకు తట్టలేదు,” అంది. అది పొగడ్తని టైలరమ్మకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

“ఒక మాట చెప్పండి,” అని రిపేరక్క పొట్లం విప్పింది. “ఇందులో ఉన్నవాటికి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?”

“లేదు.”

“చేతులు కాలకముందే ఒక్క ఆకైనా పట్టుకోవాల్సింది తల్లీ. సరే, దీన్ని బయట పెట్టి ఒకే విడతలో కొత్తదానిలోకి దింపుతా. నీరసించినదాన్ని మళ్లీ మళ్లీ లేపకూడదు. ఎక్కడైనా ఆగుతోందా? ఏ ఫైలైనా తెరుస్తుంటే బిగుసుకుపోవడం, పాట మధ్యలో నిలిచిపోవడం? తెలిస్తే ఆ చోటుని ఆఖరున కదుపుతాను.”

“అలాంటిదేం లేదు. ఆన్ అవ్వడానికే మొరాయిస్తోంది,” అంది అమ్మడు.

“ఆగుతోంది,” అంది టైలరమ్మ. ఆమె దృష్టంతా ఆ డ్రైవు మీదే ఉంది. “పడవవాడు గట్టు దిగే చోట. మొదట్లో తడబడేది, ఇప్పుడు అక్కడ పూర్తిగా నిలిచిపోయి, కాసేపటికి పక్క పేజీలో లేస్తోంది గొంతు.”

అన్న తర్వాత గానీ తను ఏమందో ఆమెకి తెలియలేదు.

“మీకెలా తెలుసు?” అంది అమ్మడు.

రిపేరక్క స్క్రూడ్రైవరు అవసరం లేని చోట స్క్రూడ్రైవరు వెతకడం మొదలుపెట్టింది.

“వింటాను,” అంది టైలరమ్మ. “రోజూ మధ్యాహ్నం. మీ నాన్న క్లాసులకి పోతారు, నువ్వు ఆఫీసుకి పోతావు. చేతికుట్టు పనంతా అప్పటికి దాచుకుంటాను, మిషను తొక్కితే గొంతు వినపడదని. బొత్తాలు, అంచులు కుట్టుకుంటూ వింటాను. మొదట్లో ఎవరింటికి వచ్చానో తెలుసుకుందామని పెట్టాను. తర్వాత… ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట నాతో మాట్లాడేది ఆవిడొక్కతేనమ్మడూ. ఆవిడ గొంతు తెగుతుంటే నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. అందుకే నిన్నడక్కుండా పరిగెత్తాను.”

అమ్మడికి కోపం రావాల్సిన చోటు ఇది. అది వస్తుందని తను కూడా ఎదురుచూసింది. కానీ కోపానికి బదులు సిగ్గు వచ్చింది. ఎందుకంటే అమ్మ చదివిన భాగాన్ని తను ఒక్కసారి కూడా వినలేదు. వింటే ఏడుపొస్తుంది, ఏడిస్తే గొంతు బొంగురుపోతుంది, రికార్డింగు ఆగిపోతుంది అని తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. అసలు సంగతి అది కాదు. వినేస్తే అయిపోతుంది. విననంత కాలం అమ్మ చెప్పాల్సింది ఇంకా ఏదో మిగిలే ఉంటుంది. ఆ మిగిలినదానికి తాళం వేసి కాపలా కాసింది కంద, ఒక్క కాపీ కూడా తీసి పెట్టకుండా. దురద పెట్టింది కత్తిపీటకే.

“నేను వినలేదు,” అంది పైకి. “ఒక్క పేజీ కూడా.”

టైలరమ్మ చెయ్యి అమ్మడి భుజం దాకా వచ్చి, అక్కడ సందేహించి, బ్యాగు పట్టీ మీద చుట్టుకున్న దారప్పోగు ఒకటి తీసి వెనక్కి వెళ్లింది.

దింపడానికి చాలాసేపు పట్టింది. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతుంటే ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం చేతకాని టైలరమ్మ, కొట్టు పరదాకి ఊడిన అంచు చూసి, జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి కుట్టేసింది. రిపేరక్క వద్దంటూనే రెండో పరదా కూడా చూపించింది.

చివర్లో గీత ఆగింది. కదిలింది. మళ్లీ ఆగింది. రిపేరక్క ముందుకి వంగి, ఏవో నొక్కి, చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

“అంతా వచ్చింది. ఒక్క చిన్న చోటు తప్ప. అక్కడ పాతది ఇంక పలకదు. మీ టైలరమ్మ చెప్పిన చోటే.”

కొత్త డ్రైవు బిగించి, అట్ట మీది స్క్రూలు దేని చోట దాన్ని తిప్పి, బటన్ నొక్కింది. లాప్‌టాప్ ఏ మొరాయింపూ లేకుండా ఠక్కున తెరుచుకుంది. అమ్మడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మొదటిసారి, అమ్మ చదివిన అధ్యాయాన్ని తెరిచింది. అమ్మ ముందు గొంతు సవరించుకుంది. అమ్మడికి అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి. పడవవాడు తెడ్డు లోపల పెట్టాడు, లేచి నిలబడ్డాడు, గట్టు మీద కాలు పెట్టాడు. తర్వాత నిశ్శబ్దం. కాసేపటికి అమ్మ అవతలి పేజీలో, ఏమీ జరగనట్టు, వాన గురించి చదువుతోంది.

అమ్మడు ఇయర్‌ఫోన్లు తీసింది. ఆమె ముఖం చూసి టైలరమ్మ మెల్లిగా అంది: “ఆ మధ్యలో ఉన్నది నాకు నోటికి వచ్చు. ఎన్నిసార్లు విన్నానో. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా వచ్చు.”

ఇంటికి వచ్చేటప్పుడు ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. వీధి ఇరుకు కాబట్టి అనుకోవచ్చు. నేనైతే అనుకోను.

పొద్దు వాలుతుండగా అమ్మడు కిటికీ మూసి, బయటి రొద వినపడకుండా తలుపుకి దుప్పటి అడ్డంపెట్టి, మైకుని కటింగు బల్ల మీద నిలబెట్టింది. తన అలవాటు కుర్చీలో టైలరమ్మని కూర్చోబెట్టింది.

“నేనా? నాదీ ఒక గొంతేనా? పుస్తకం నీ దగ్గరుందిగా, నువ్వే చదివెయ్యి,” అంది టైలరమ్మ కంగారుగా.

“నేను చదివితే నాలా ఉంటుంది. అమ్మ ఎక్కడ నెమ్మదించిందో, ఎక్కడ ఆగిందో నీకే తెలుసు. నువ్వు చెప్పు, నేను పుస్తకంలో చూస్తుంటాను.” ఒక క్షణం ఆగింది. “కానివ్వు, పిన్నీ.”

టైలరమ్మ తల దించుకుని టేపుని రెండుసార్లు చుట్టి, రెండుసార్లు విప్పింది. ‘నువ్వు’కీ ‘పిన్నీ’కీ అంతకంటే జవాబు ఆమెకి దొరకలేదు. తర్వాత కళ్లు మూసుకుంది.

అమ్మడు రికార్డింగు నొక్కి, అచ్చు పుస్తకం తెరిచి, లైను కింద వేలు పెట్టింది. పగలంతా ఆఫీసులో అచ్చు ప్రూఫులు దిద్దే వేలు అది. ఒక్క అక్షరం జారినా ఆగుతుంది.

“పడవవాడు గట్టు మీద కాలు పెట్టాడు,” అంది టైలరమ్మ. “తాడు రాయికి చుట్టాడు. ఇసక తడిగా ఉంది. అతను ఇంటివైపు నడిచాడు.” ఊపిరి తీసుకుంది. “వెనక్కి తిరిగి చూడలేదు.”

వేలు ప్రతి మాట కిందా కదిలింది. ఒక్క పొల్లు కూడా తేడా లేదు.

“చూసి ఉంటే బాగుండేది,” అంది టైలరమ్మ అదే వరసలో. “చూసి ఉంటే ఆయన అడిగేవాడు. అడిగి ఉంటే నేను ఆ మాట చెప్పేసేదాన్ని.”

వేలు ఆగింది.

అమ్మడు పై లైను చూసింది, కింది లైను చూసింది, పేజీ తిప్పి మళ్లీ వెనక్కి వచ్చింది. “పిన్నీ, ఆగు. ఇది పుస్తకంలో లేదు.”

“లేకపోవడమేమిటి? ఆవిడ చదివింది ఇదే. ఎప్పుడు పెట్టినా ఇదే.”

“‘చూడలేదు’తో అయిపోయింది ఇక్కడ. తర్వాత వానే. అసలు ఇది పడవవాడి కథ. ఈ పుస్తకం మొత్తంలో ‘నేను’ అనేవాళ్లే లేరు.”

ఇద్దరూ మైకు వైపు చూశారు. ఆ మాటలు పలికిన గొంతు ఈ లోకంలో లేదు. అవి దాగి ఉన్న చోటు మధ్యాహ్నం రిపేరక్క బల్ల మీద ఆరిపోయింది. ఇప్పుడవి ఈ కుర్చీలో కూర్చున్న మనిషి జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేవు.

తలుపుకి అడ్డంగా ఉన్న దుప్పటి కదిలింది. మాస్టారు. చేతిలో కారు తాళాలు అలాగే ఉన్నాయి. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. అమ్మడు ఆయన ముఖం చూడలేక కిందకి చూసింది. ఆయన కుడికాలు నేలని బలంగా తొక్కిపట్టి ఉంది.

“తర్వాత ఇంకా ఉందా?” అన్నాడు.

టైలరమ్మ లేచి, తన కుర్చీని ఆయన వైపు జరిపింది.

“ఉందండీ. ఇన్నాళ్లూ కథలోదే అనుకుని విన్నాను,” అంది. “ముందు మీరు కూర్చోండి.”